ఆరువందల పన్నెండు అడుగులు

ఆ రోజుల్లో నాకొక మొండి నమ్మకం ఉండేది: ఏ పనినైనా కొలిచి, లెక్కగట్టి కాగితం మీద పెడితే లోకం తప్పక గుర్తిస్తుందని. ఆ నమ్మకం మీద మొదటి దెబ్బ రెండువేల దశకం తొలి ఏళ్లలో, భద్రాచలంలో, ఒక పూలదండ రూపంలో పడింది. నేనూ మా బావా (మేనత్త కొడుకు, నాకంటే నాలుగు నెలలు పెద్ద, ఆ నాలుగు నెలలనూ ఎన్నడూ మరవనివ్వలేదు) గోదావరి నీటిమట్టాలు నమోదు చేసే ఒక చిన్న ఆఫీసులో కొత్త ఇంజనీర్లం. వరదల మీద అంతర్జాతీయ సదస్సు మా ఊళ్లోనే జరుగుతుందని తెలిసిన రోజున పెద్దసారు పనులు పంచారు. చర్చి హాస్టల్లో చదివి ఇంగ్లీషు గలగలా మాట్లాడే బావకు విదేశీ అతిథులకు రైలు దగ్గర ఎదురెళ్లి తీసుకువచ్చే పని. దానితోపాటు మెడలో నీలం రిబ్బను కార్డు, ముందు వరుసలో కుర్చీ. నాకు, ఆ అతిథులకు ముందుగా పంపవలసిన ప్రయాణ సమాచారం రాసే పని. కార్డు లేదు.

"ఏంది బామ్మర్ది, నా మెడ దిక్కే జూస్తున్నవ్? కార్డు ఇంకా రాలే," అన్నాడు బావ. నేను నవ్వాను. కడుపు మండుతూనే ఉంది.

ఆ మంటలోంచే ఉపాయం పుట్టింది. బావ అవసరమే లేకుండా అతిథులు గది తలుపు దాకా రాగలిగేంత కచ్చితంగా రాస్తే? 'భద్రాచలం రోడ్డు' అనే స్టేషను భద్రాచలంలో లేదనీ, నలభై కిలోమీటర్ల ఇవతల కొత్తగూడెంలో ఉందనీ మొదటి వాక్యంలోనే హెచ్చరించాను. అక్కడినుంచి భద్రాచలం వచ్చే బస్సులో ఉదయపు ఎండ కుడివైపు కిటికీల మీద పడుతుంది గనుక ఎడమవైపు కూర్చోవాలన్నాను. ఇవన్నీ నిర్ధారించుకోవడానికి ఆ బస్సులో వాచీ పట్టుకుని మూడుసార్లు తిరిగాను. మూడోసారి కండక్టరు ఆగలేకపోయాడు.

"ఏంది సారూ, పొద్దటి సంది పోవుడు, వచ్చుడు! ఇంట్ల ఏమన్న లొల్లయిందా?"

"ఆఫీసు పని."

"అవ్, అందరు గట్లనే అంటరు."

బస్టాండు నుంచి అతిథులు దిగబోయే గెస్ట్‌హౌసు గేటుకు ఆరువందల పన్నెండు అడుగులని నడిచి లెక్కపెట్టి తేల్చాను. స్టేషను పెద్ద గేటులోంచి కాక, పార్సిలు ఆఫీసు పక్కనున్న చిన్న గేటులోంచి బయటికి రమ్మని కూడా రాశాను. (బావ నిలబడబోయేది పెద్ద గేటు దగ్గరని నాకు తెలుసు. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.) సంప్రదించవలసిన వ్యక్తి పేరు లేని సమాచారపత్రం అసంపూర్ణం గనుక, చివర బావ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. అసూయ వేరు, కచ్చితత్వం వేరు.

సదస్సుకు ముందురోజు నలుగురు అతిథులు చక్రాల పెట్టెలు లాక్కుంటూ, కాగితం చేతబట్టుకుని, వాళ్లంతట వాళ్లే గెస్ట్‌హౌసు గేటు దగ్గరికి వచ్చేశారు. నా గుండె ఉప్పొంగింది. వాళ్లు నాతో కరచాలనం చేసి, ఆయన ఎక్కడ అని అడిగారు: బావ పేరు, ఇంటిపేరుతో సహా. ఇంత శ్రద్ధగా దారి రాసిన మనిషిని చూడాలట! "నేనే" అన్న మాటకు ఇంగ్లీషు నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అంతలో జీపు వచ్చింది. వాడిన పూలదండతో, చెమటతో బావ దిగాడు. "రైలంత ఎతికిన, ఒక్కడు దొరకలే! నౌకరి పోయినట్టే," అని నా చెవిలో గొణుగుతుండగానే, గేటు దగ్గరే ఉన్న పెద్దసారు అతనే ఆయన అని చూపించారు; అతిథులు ఆ దండ అందుకుని బావ మెడలోనే వేశారు. పెద్దసారు చప్పట్లు కొట్టారు. బావ ఎందుకో తెలియకపోయినా చక్కగా తల వంచాడు.

అప్పుడు అతిథుల్లో అందరికంటే పెద్దావిడ, కాగితంలో ఆరువందల పన్నెండు అని ఉందనీ, తనకు ఆరువందల తొంభై వచ్చాయనీ అంది. బావ క్షణం ఆలోచించకుండా నన్ను చూపించాడు. "గా లెక్క నీదే గద, నువ్వే జెప్పుకో," అన్నాడు నాతో. మెప్పంతా అతనిది, తప్పు ఒక్కటీ నాది.

ఆవిడ వదలలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను బస్టాండుకు తీసుకుపోయింది. ఇద్దరం పక్కపక్కన లెక్కపెడుతూ నడిచాం. నాకు మళ్లీ ఆరువందల పన్నెండు, ఆవిడకు మళ్లీ ఆరువందల తొంభై. ఆవిడ పకపకా నవ్వి, నా ప్రతి మీద కలంతో ఒక్క దిద్దుబాటు చేసింది: అడుగు ఎవరిదో కూడా రాయాలి.

వరండాలో నీలం కార్డు వేళ్లకు చుట్టుకుంటూ బావ నిలబడ్డాడు. "ఏం మాట్లాడినవ్ ఆమెతోటి గంతసేపు?" ఆ గొంతులో అసూయను నేను స్పష్టంగా గుర్తుపట్టాను; ఆ విషయంలో నాకు అనుభవం ఉంది.

ఇప్పుడు నాకూ అలాంటి కార్డులు ఒక సొరుగు నిండా ఉన్నాయి. మొన్న పని మీద భద్రాచలం వెళ్లి, బస్టాండు నుంచి ఆ గేటు దాకా ఒక్కడినే నడిచాను. ఆరువందల తొంభై వచ్చాయి. దారి ఏమీ మారలేదు.