వెనక గోడ లేని కాలేజీ

ఆ రోజుల్లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ నేర్చుకోనివాడు కనబడితే పట్టుకెళ్ళి మ్యూజియంలో పెట్టేవారు. కృష్ణానగర్‌లో నా గదికి అటుపక్క గ్రూప్ డాన్సరు, ఇటుపక్క డూప్ ఫైటరు, ఇద్దరూ జావా పుస్తకాలు చంకన పెట్టుకునే షూటింగులకి వెళ్ళేవారు. నేను జూబ్లీహిల్స్ కొండ మీద ఒక కాలేజీలో టెంపరరీ లెక్చరర్ని. ఎంత టెంపరరీ అంటే, స్టాఫ్ రూములో నా కుర్చీ కూడా పక్క డిపార్ట్‌మెంట్ నుంచి అరువు తెచ్చిందే. కాబోయే మావగారేమో "పర్మనెంట్ ఆర్డరు చూపించండి, ముహూర్తం పెట్టించేస్తాను" అని భీష్మించుకుని కూర్చున్నారు.

మా ఛైర్మన్ గారు పూర్వాశ్రమంలో సినిమా నిర్మాత. ఆయన సినిమాకి రెండో ఆట చూసినవాడు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఆ విరక్తిలో కాలేజీ పెట్టారు. విదేశాల్లో పాఠాలు ఇంటర్నెట్‌లో కట్టిన మాయాలోకంలో చెబుతున్నారని ఒకనాడు ఆయన చెవిన పడింది. అందులో మనిషికో బొమ్మ ఉంటుంది; మనం ఇంట్లో కూర్చుని మౌస్ కదిపితే బొమ్మ నడుస్తుంది, చెయ్యెత్తుతుంది; బొమ్మలన్నీ ఒకచోట చేరితే అదే క్లాసు. "యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వచ్చేలోపు మనకీ అలాంటి కాలేజీ ఒకటి కట్టెయ్యవయ్యా! హిట్టయితే నువ్వు పర్మనెంటు" అన్నారు. నాకు తోడుగా, తన సినిమాలకి సెట్లు వేసిన మనిషిని పంపారు. ఫిల్మ్‌నగరంతా ఆయన్ని సెట్టింగులన్న అనేది. (వైకుంఠమైనా సరే, సాయంత్రానికల్లా అట్టలతో దింపేస్తాడని ప్రతీతి.)

సెట్టింగులన్న నా పక్కన కుర్చీ వేసుకుని, వేళ్ళతో చట్రం కట్టి అందులోంచి కంప్యూటర్ని చూసేవాడు. "సార్, గా స్తంభాలు జర లావుగ జెయ్. గట్ల! ఇగ జూడు, ఎంత రిచ్‌గున్నదో!" నేను లైబ్రరీకి వెనక గోడ మొదలుపెట్టగానే టక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"గాడికి కెమెరా పోతదా సార్?"

"పోదనుకోండి..."

"మరి గోడ ఎందుకు? ముందల తలుపొకటి గీస్తే సాలు. గింత సదువుకున్నవ్, గిది తెల్వదా?"

నాకూ సబబుగానే తోచింది. గోడలు ఎక్కువైతే మా కాలేజీ కంప్యూటర్లు ఆయాసంతో పడిపోయేవి మరి. అలా ఎదురుగా చూస్తే ఇంద్రభవనం, పక్కనుంచి చూస్తే అప్పడం అన్నట్టుగా, సముద్రంలో ఒక కొండ అంచున మా కాలేజీ లేచింది. తలుపు మాత్రం తెరుచుకునేలా చేశాను, నా పనితనం నలుగురికీ తెలియాలని. నా బొమ్మకి ఉంగరాల జుట్టు, ఆరడుగుల ఎత్తు పెట్టుకున్నాను. (జుట్టు అప్పట్లో నిజంగానే ఉండేది. ఎత్తు ఉత్సాహం కొద్దీ పెట్టింది.)

తనిఖీ రోజున సెమినార్ హాలు కిటకిటలాడింది. పెద్ద తెర మీద నా బొమ్మ పాఠం చెప్పింది, పిల్లల బొమ్మలు చేతులెత్తాయి. తనిఖీకి వచ్చిన ప్రొఫెసరమ్మగారు "ఎంత బావుందండీ!" అన్నారు. నా చెవుల్లో సన్నాయి మోగింది. అంతలో ఆవిడ "నన్నూ ఓసారి తిరగనివ్వండి" అంటూ మౌస్ అందుకున్నారు.

"మేడమ్, క్లాసు ఇటండీ..."

"క్లాసులు రోజూ చూసేవేగా! లైబ్రరీ చూస్తాను."

మర్యాదకని ముందే చేసి ఉంచిన ఆవిడ బొమ్మ పట్టుచీరలో హుందాగా నడిచి, నేను ముచ్చటపడి చేసిన తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టింది. లోపల అంటూ ఏదీ లేదు కదా! బొమ్మ కుచ్చిళ్ళతో సహా పల్టీలు కొడుతూ ఆకాశంలోంచి జారిపోసాగింది. హాలంతా గొల్లున నవ్వింది. ఛైర్మన్ గారు పాత అలవాటు కొద్దీ లేచి "కట్! కట్!" అని అరిచారు. వెనక వరసలోంచి సెట్టింగులన్న "గా మేడమ్‌ను గాడికి ఎవడు పొమ్మన్నడు? ఫ్రేములనె ఉండాలె గద!" అని కోప్పడ్డాడు. బొమ్మ సముద్రంలో బుడుంగుమంది.

ప్రొఫెసరమ్మగారు నింపాదిగా మౌస్ వదిలి, "సరే, అసలు లైబ్రరీ చూపించండి" అన్నారు.

అప్పటికి హాలుతో పాటు తానూ నవ్వేస్తున్న ఛైర్మన్ గారు ఠక్కున ఆగిపోయారు. ఎందుకంటే మా అసలు లైబ్రరీలో బీరువాలు ఆయన పాత సినిమాలోని కోర్టు సెట్టువి. ఆవిడ ఓ లావుపాటి పుస్తకం పట్టుకుని లాగారు. అదొక్కటే రాలేదు, వరస మొత్తం ఒకే అట్టముక్కగా ఊడి చేతిలోకొచ్చింది. బంగారు రంగు వేసిన వీపులే తప్ప పుస్తకాలు లేవు. ఆవిడ ఆ అట్టని ఒకసారి, నన్నొకసారి చూశారు.

"మాయాలోకం కట్టింది మీరేనా? వంక పెట్టడానికి లేదండీ. మీ కాలేజీని ఉన్నదున్నట్టు దించారు."

కాలేజీకి అనుమతి రాలేదు, నాకు ఆర్డరూ రాలేదు. చీవాట్లు తినడానికి సిద్ధమై వెళితే, ఛైర్మన్ గారు కళ్ళు తుడుచుకుంటూ "నా సినిమాలన్నిట్లో కలిపినా జనం ఇంత నవ్వలేదయ్యా! నీకు పాఠాలెందుకు? కామెడీ రాసుకో" అన్నారు. అప్పట్నుంచీ అదే రాసుకుని తింటున్నాను. (మావగారికి ఈ కథ చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, ఆ ఊపులో ముహూర్తం పెట్టించేశారు. ఆయన తేరుకునేసరికి పెళ్ళైపోయింది.)

ఆ మాయాలోకం ఇంకా ఎక్కడో నడుస్తూనే ఉందట. పాస్‌వర్డ్ మర్చిపోయి నేనే మళ్ళీ వెళ్ళలేకపోయాను. అప్పడమంత మందాన ఉన్న కాలేజీ ముందు, ఉంగరాల జుట్టుతో, ఛాతీ విరుచుకుని, పర్మనెంటు ఆర్డరు కోసం నా బొమ్మగాడింకా నిలబడే ఉండుంటాడు. అద్దం ముందు నా నాలుగు వెంట్రుకలూ దువ్వుకునేటప్పుడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. అలాగే ఉండరా నాయనా, బావున్నావు. ఆ తలుపు మాత్రం తియ్యకు.