సొట్ట తపేలా

మేస్త్రీ తపేలాను ఒళ్లో బోర్లించుకుని ఎడమచేతి చూపుడువేలితో అడుగంతా తడుముతున్నాడు. కంటికి దొరకని చిల్లి వేలికి దొరుకుతుంది. అంచుకి నాలుగు వేళ్ల దూరంలో దొరికింది, ఆవగింజ పట్టేంత. దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, తపేలాను కిటికీకేసి ఎత్తి లోపలికి తొంగి చూశాడు. వెలుగు ఒక్క చోటే కనపడింది.

"బతుకుతుందా?" అన్నాడు డ్రైవరు, గుమ్మానికి ఆనుకుని.

"దీనికేం, రాయిలా ఉంది. ఒక్క రివెట్టు కొడితే మనిద్దరికంటే ఎక్కువ కాలం ఉంటుంది."

"శుక్రవారం పొద్దున్నే మన కరెంటుగాడు ఇంటికెళ్లిపోతున్నాడు. ఈలోపు బాగుచేసి వాడి చేతిలో పెట్టు. ఇరవయ్యేడేళ్లు ఈ దేశంలో తీగలు లాగాడు. పట్టుకెళ్లడానికి ఏముంది వాడి దగ్గర? రెండు దుప్పట్లు, ఒక టెస్టరు."

డ్రైవరు వేరే ఊరికి మారి నాలుగేళ్లయింది. కూల్చిన ఇళ్ల ఇటుకలు, రాళ్లు మోసే లారీ అతనిది. ఆ వారం అతని లారీకెక్కినవి పాత బారు గోడలు. ఇటుకల మధ్య తపేలా మూతి కనపడగానే పైకెక్కి చేతులతో తవ్వి తీశాడట.

"అక్క తపేలా అని ఎలా తెలిసింది నీకు?"

"అడుగున ఆ సొట్ట లేదూ? పది తపేలాల మధ్య పెట్టినా గుర్తుపడతాను," అంటూ డ్రైవరు మెట్లు దిగి వెళ్లిపోయాడు. లారీ వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రీ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆ బారుకి బోర్డు మీద ఏదో పేరుండేది. వీళ్లలో ఎవరూ ఆ పేరు పలకలేదు. వీధిలోంచి పదకొండు మెట్లు దిగాలి కాబట్టి 'కింద' అనేవాళ్లు. "కిందికొస్తున్నావా?" అంటే చాలు. వారం సెలవు రోజు మధ్యాహ్నం అక్క తలుపు తీసేది. ఆమెదీ వీళ్ల భాషే. భర్త గ్లాసులు నింపేవాడు, ఆమె వెనక గదిలో వండేది. ఉన్నవి ఆరు బల్లలు, గోడ వారగా ఒక పొడుగాటి పీట, తిరిగినప్పుడల్లా టకటకమనే ఒక ఫ్యాను. తాగడానికి వచ్చేవాళ్లకంటే అన్నం వాసనకి వచ్చేవాళ్లే ఎక్కువ. అన్నం, పల్చటి పప్పు, కోసిన ఉల్లిపాయ, అంతే. దాంట్లో గొప్ప రుచేం లేదు. కానీ వారమంతా ఎవడి గదిలో వాడు, ఎవడి గిన్నెలో వాడు పెట్టుకు తిన్నవాళ్లకి ఇంకొకరు వడ్డించడమే రుచిగా ఉండేది.

అన్నం అయిపోయాక తపేలా అడుగున మాడు మిగిలేది. అరచేయంత ముక్క, గోధుమరంగులో, విరిస్తే ఫెళ్లుమనేట్టు. అక్క దాన్ని గరిటె అంచుతో చిట్లకుండా లేపి, మీద చిటికెడు ఉప్పు, రెండు చుక్కల నూనె వేసి పళ్లెంలో పట్టుకొచ్చేది. వచ్చి, బల్లల మధ్య నిలబడి అడిగేది:

"ఈ వారం ఎవరికి రాలేదు?"

ఇంటి నుంచి ఉత్తరం రానివాడిది ఆ ముక్క. ఇద్దరికి రాకపోతే చెరిసగం. అందరికీ వచ్చిన వారం అక్కే నమిలేసేది. డ్రైవరు ఉత్తరం జేబులో పెట్టుకునే "నాకు రాలేదక్కా" అని మొహం వేలాడేసేవాడు. ఒకసారి కవరు అంచు బయటికి కనపడి దొరికిపోతే, నెల రోజులు అతన్ని 'పోస్టుమాన్' అని పిలిచారు.

మేస్త్రీ ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. అవసరం పడలేదు. ఈ దేశానికి వచ్చినప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. తల్లి ఉన్నన్నాళ్లు పక్కింటివాళ్లతో రాయించేది. ఆమె పోయాక అన్న రెండు ఉత్తరాలు రాశాడు. మూడోది రాలేదు. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేక అదీ జరగలేదు. వారం తర్వాత వారం ఆ ముక్క అతని ముందుకే వచ్చేది. మొదట్లో సిగ్గుపడేవాడు. తర్వాత తల ఎత్తకుండా తినేవాడు. కొన్నాళ్లకి అక్క అడగడం మానేసి నేరుగా అతని ముందు పెట్టేది. అలా పెట్టిన మొదటి రోజు మాత్రం అతను దాన్ని ముట్టుకోలేదు.

భర్త పోయాక అక్క బారు మూసేసి, ఇంకో ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లు దాటింది. కిందికొచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. ఇప్పుడు ఈ వీధిలో మేస్త్రీ భాష మాట్లాడేది కరెంటు ఒక్కడే. వైరింగు పని చేస్తాడు కాబట్టి కరెంటు. సెలవు రోజు మధ్యాహ్నం మేస్త్రీ గదికి వస్తాడు. గదిలో ఇనపమంచం, ఒక స్టవ్వు, ఒక రైస్ కుక్కరు, రెండు గ్లాసులు. రెండో గ్లాసు కరెంటుది. మిగతా ఆరు రోజులూ అది బోర్లించే ఉంటుంది.

సోమవారం సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి మేస్త్రీ పని మొదలుపెట్టాడు. పెద్ద భవనాల్లో చల్లగాలి పోవడానికి పైకప్పు కింద రేకు గొట్టాలు వేస్తారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని అదే. కొలవడం, కత్తిరించడం, వంచడం, అంచులు కలపడం. చిల్లిని ఆకురాయితో గుండ్రంగా చేశాడు. సరిపడా సత్తు రివెట్టు లోపలి నుంచి దూర్చి, దాగలి దిమ్మ మీద ఆనించి, బయటివైపు తల విచ్చుకునేదాకా చిన్న సుత్తితో కొట్టాడు. గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టలేదు, మెల్లగా నలభై కొట్టాడు. తపేలా నిండా నీళ్లు పోసి కింద కాగితం పరిచాడు. గంట తర్వాత కాగితం పొడిగా ఉంది.

అక్కడితో ఆగాల్సింది. కానీ రివెట్టుకి పక్కనే, అడుగు మధ్యలో, అరచేయంత సొట్ట. బయటి నుంచి చూస్తే గుంట, లోపలి నుంచి చూస్తే బొడిపె. వెంట్రుకవాసి వంకర ఉన్న రేకుని కూడా షెడ్డు దాటనివ్వనివాడు దాన్నెలా వదిలేస్తాడు? పైగా ఈ తపేలా కరెంటు ఇంటికి వెళ్తోంది. "ఎవడురా చేసింది?" అని ఎవరైనా అడిగితే మాటపడేది తనే. సోమవారం రాత్రి సగం, మంగళవారం సాయంత్రమంతా ఆ సొట్ట మీద కూర్చున్నాడు. చెక్కసుత్తితో చుట్టూ నుంచి మధ్యకి, మధ్యనుంచి చుట్టూకి. చివరికి అడుగు మీద స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుగు రాలేదు. బూడిదతో తోమి, పాత చొక్కాతో తుడిచి, కాసేపు తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

బుధవారం సాయంత్రం కరెంటు బియ్యం పొట్లం పట్టుకుని వచ్చాడు. తపేలా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓరి నాయనో. ఇది అక్కదేనా? పెళ్లికూతుర్ని చేశావు కదా!"

"నీదే. పట్టుకుపో. ముందు ఒకసారి వండి చూద్దాం."

బియ్యం కడుగుతుంటే కరెంటు మాట్లాడుతూనే ఉన్నాడు. బాగా దిగులుగా ఉన్నప్పుడు అతను ఎక్కువ మాట్లాడతాడు.

"అక్క మాడు మీద ఉల్లిపాయ చల్లేది, గుర్తుందా?"

"ఉల్లిపాయ పప్పులోకి. మాడు మీద ఉప్పూ నూనే."

"ఉల్లిపాయే వేసేది! నాకు బాగా గుర్తు."

"నీకెన్నిసార్లు వచ్చింది మాడు? ఏడాదికి రెండుసార్లు. నాకు ప్రతి వారం వచ్చేది. నాకు తెలీదా?"

కరెంటు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "మా వాళ్లకి నేను పంపినవన్నీ తెలుసు మేస్త్రీ. చొక్కాలు, గడియారాలు, పిల్లకి సైకిలు. నేనిక్కడ ఏం తిన్నానో, ఎవరితో తిన్నానో మాత్రం ఎవరికీ తెలీదు. ఏమని చెప్పను? చెబితే కథలా ఉంటుంది. అందుకే వెళ్లగానే దీంట్లో వండి, ఆ ముక్క తీసి పళ్లెంలో పెడతాను. ఇదీ నేను తిన్నది, అంటాను."

అన్నం ఉడికింది. మంట తగ్గించారు. వాసన రావాల్సిన వేళ దాటింది. ఇంకాసేపు ఉంచారు. వచ్చింది కానీ, అది మాడు వాసన కాదు, మసి వాసన. మేస్త్రీ అన్నం తీసి పక్కన పెట్టి గరిటెతో అడుగు గీకాడు. కొంత మెత్తగా అంటుకుంది, కొంత నల్లగా పొడైంది. ముక్కగా ఏదీ లేవలేదు.

"బాగుందిలే," అన్నాడు కరెంటు, నల్లపొడి వేలితో నోట్లో వేసుకుని. "వయసైపోయింది మనకి. నాలుక మారిపోయి ఉంటుంది."

ఆ 'బాగుందిలే' మేస్త్రీకి సుత్తి వేలిమీద పడ్డట్టు తగిలింది. ఇరవై తొమ్మిదేళ్లలో అతని పనికి ఎవరూ ఆ మాట అనలేదు. ఎవర్నీ అననివ్వలేదు అతను. ఇంకా రోజున్నర టైముంది.

"అక్క నంబరుందా నీ దగ్గర?"

కరెంటు ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు. అక్క గొంతు సన్నబడింది గానీ వాడి తగ్గలేదు.

"ఎవర్రా? మేస్త్రీయా? బతికున్నావా? ఇప్పుడు గుర్తొచ్చానా తొమ్మిదేళ్లకి?"

మేస్త్రీ జరిగింది చెప్పాడు. తపేలా దొరికిన సంగతి, చిల్లి, రివెట్టు, బియ్యం కొలత, మంట. అక్క అంతా విని అడిగింది.

"మరి సొట్ట?"

"తీసేశానక్కా. ఎక్కడుందో కూడా కనపడదు. స్కేలు పెట్టి చూశాను."

 అటువైపు నుంచి నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఓరి నీ పనితనం పాడుగాను! ఆ సొట్టలోనేరా మాడు ఉంది. మొదటేడు ఒకరోజు మా ఆయన మీద కోపమొచ్చి నేనే విసిరాను ఆ తపేలాని. ఆయన తప్పుకున్నాడు. గడప మూలకి తగిలింది. ఆ మర్నాటి నుంచీ అక్కడ ముక్క కట్టడం మొదలైంది. మంటంతా ఆ గుంటలో నిలిచేది. పైన బొడిపె కదా, నీళ్లు ముందు అక్కడే ఇంకేవి. సుబ్బరంగా చదును చేసి నన్నడుగుతున్నాడు మాడేదీ అని!"

కరెంటు గోడకేసి తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. మేస్త్రీ మాత్రం తపేలా అడుగు వంకే చూస్తున్నాడు.

"అక్కా, ఎంత లోతుండేది?"

"నా అరచేయి బోర్లిస్తే పట్టేది. ఒరేయ్, ఉత్తరాలొస్తున్నాయా నీకు?"

"ఇప్పుడెవరు రాస్తున్నారక్కా ఉత్తరాలు," అన్నాడు మేస్త్రీ.

గురువారం అతను సెలవు పెట్టాడు. షెడ్డులో ఎవరూ నమ్మలేదు. జ్వరమొచ్చినా వచ్చే మనిషి. పొద్దున్నే తపేలాను కిటికీ దగ్గర బోర్లించాడు. తను చేసిన పని ఎంత నున్నగా ఉందంటే సొట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో తనకే తెలియలేదు. గోటితో అడుగంతా కొట్టుకుంటూ పోయాడు. అంతటా ఒకటే మోత, ఒక్కచోట బిగువుగా, పొట్టిగా. దెబ్బలు తిన్న లోహం అలాగే పలుకుతుంది. అక్కడ పెన్సిలు గీత గీశాడు.

బిగుసుకున్న సత్తుని అలాగే కొడితే చీలుతుంది. ముందు మెత్తబడాలి. సబ్బుబిళ్ల తడిపి గీత మీద రాశాడు. స్టవ్వు మంట మీద ఆ చోటు మాత్రమే తగిలేలా పట్టుకున్నాడు. తెల్ల సబ్బు గోధుమరంగై నల్లబడగానే దించేశాడు. ఇంకొక్క క్షణం ఉంచితే అడుగు కరిగి కారిపోతుంది. చల్లారాక తపేలా లోపల ఇసుక సంచి పెట్టి, గుండ్రటి తల ఉన్న సుత్తి తీశాడు.

మొదటి దెబ్బకి చెయ్యి రాలేదు. బాగున్నదాన్ని చెడగొట్టడానికి ఆ చెయ్యి ఎప్పుడూ లేవలేదు. సుత్తి కింద పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ తీశాడు. తర్వాత ఆగలేదు. మధ్యలో రెండుసార్లు సబ్బు రాసి మళ్లీ కాల్చాడు. అక్క చెయ్యి ఎంతుండేదో గుర్తు తెచ్చుకుంటూ కొట్టాడు. పళ్లెం పట్టుకుని వచ్చే చెయ్యి. మధ్యాహ్నానికి గుంట తయారైంది. అందంగా లేదు. అందంగా చేయకుండా ఉండటమే కష్టమైంది.

సాయంత్రం కరెంటు వచ్చేసరికి బియ్యం పొయ్యి మీదున్నాయి.  నీళ్లు ఇంకాక చిన్నగా చిటపట మొదలైంది. తర్వాత వాసన. కరెంటు కళ్లు మూసుకున్నాడు. మేస్త్రీ అన్నం తీసి గరిటె అంచు కింద దూర్చాడు. ముక్క కదిలింది, లేచింది. అరచేయంత, గోధుమరంగులో, ఒకవైపు బొడిపె ఆకారం అచ్చుపడి.

ఉప్పు, నూనె వేసి పళ్లెం పట్టుకున్నాడు కరెంటు. గది మధ్యలో నిలబడి, అక్క గొంతు పెట్టి అడిగాడు:

"ఈ వారం ఎవరికి రాలేదు?"

 కరెంటు ఫోను ఆ వారమంతా మోగుతూనే ఉంది. కూతురు, అల్లుడు, భార్య. ఏ బండికి వస్తున్నావు, ఎన్ని పెట్టెలు. కరెంటు పళ్లెం తెచ్చి మేస్త్రీ ముందు పెట్టాడు. మేస్త్రీ ముక్కని విరిచాడు. ఫెళ్లుమంది.

"సగం నీది."

"నాకు రోజూ వస్తున్నాయి కదరా ఫోన్లు."

"ఎల్లుండి నుంచి అందరూ ఇంట్లోనే ఉంటారు. నీకెవరు రాస్తారింక? తిను."

కరెంటు తిన్నాడు.  కాసేపటికి అన్నాడు, "ఉల్లిపాయ వేయలేదు. నువ్వన్నదే నిజం."

శుక్రవారం పొద్దున్న వీధిలో కారు ఆగి ఉంది. కరెంటు పెట్టెలో తపేలా పట్టక ఒక దుప్పటి తీసి మేస్త్రీ మంచం మీద పడేశాడు. అయినా పట్టలేదు. మేస్త్రీ దాని అడుగుకి అట్టముక్క కట్టి, పాత చొక్కాలో చుట్టి, తాడుతో బిగించి, చేత్తో పట్టుకోవడానికి వీలుగా ఉచ్చు వేశాడు.

"ఒళ్లోనే పెట్టుకో. దీని మీద ఏదీ పెట్టకు."

"సరే."

"సబ్బు రాసి కాల్చిన చోటు, ఇంకా మెత్తగా ఉంటుంది. పది సార్లు వండేదాకా గీకొద్దు. నానబెట్టి కడగమను."

"సరేలే."

"ఇంకో మాట. మీ ఊళ్లో ఏ మేస్త్రీకీ చూపించకు. చూస్తే సొట్ట తీసేస్తానంటాడు."

 కారు హారన్ మోగింది. మేస్త్రీ తాడు ముడి చివరిసారి లాగి చూశాడు. బిగువుగానే ఉంది. తపేలా ఎత్తి ఇచ్చాడు. కరెంటు రెండు చేతులా అందుకున్నాడు.