నాయన గుట్ట ఎక్కిన ఎండాకాలం

ఆ ఏడాది మా ఇంట్లో అందరం ఒకే ఒక్క దానికోసం ఎదురుచూశాం. మా నాయన పనికిరాడని డాక్టర్లు రాసివ్వాలి. ఇలా అంటే బయటివాళ్లు చెవులు మూసుకుంటారేమో కానీ, రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా బొగ్గుబాయి కాలనీలో ఇది ప్రతి ఇంటి ముచ్చటే. బాయిలో, అంటే బొగ్గు గనిలో, దిగే మనిషి జబ్బుపడి, మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అని తేలితే ఆయన ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. ఆ కొడుకుని నేను. ఐటీఐ చదివి, ఇరవై ఆరేళ్లు మీదపడినా ఎక్కడా పని దొరక్క, ఇంటి గుమ్మంలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. నాయనకు రిటైర్‌మెంట్ దగ్గరపడింది. ఈ బోర్డు తప్పితే ఇక ఆ దారి మూసుకున్నట్టే.

నాయనది దొంగ జబ్బు కాదు. నడుం పట్టేసేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సిక్కులో ఉన్నాడు, అంటే జబ్బు సెలవులో. ఆరు నెలలుగా మంచానికి అతుక్కుపోయాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆయన స్వస్థత కోసం అందరిచేతా ప్రార్థన చేయిస్తుంటే అమ్మకు ప్రాణసంకటంగా ఉండేది. వద్దనలేదు, గట్టిగా ఆమెన్ అనీ అనలేదు.

సరిగ్గా అప్పుడే నాకు గేర్ల సైకిల్ పిచ్చి పట్టింది. ఖమ్మంలో మా మేనమామ కొడుకు మోటార్ సైకిల్ కొనుక్కుని, తన లావు టైర్ల సైకిల్ నాకిచ్చేశాడు. బస్సు మీద వేసుకుని తెచ్చాను. కాలనీ గేటు దగ్గర సైకిల్ షాపాయన దాని చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా ఇది, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు! గీ గేర్లు పీకేసి మంచిగ చేసిస్త, ఇడిసిపో" అన్నాడు. ఒక్క క్షణం ఆగితే నిజంగానే పీకేస్తాడని భయపడి పారిపోయాను.

కాలనీ వెనక నుంచి టేకులపల్లి వైపు అడవిలోకి ఒక ఎర్రమట్టి బండ్ల బాట ఉంది. అది పోయి పోయి ఒక గుట్ట ఎక్కుతుంది. నేర్పేవాడు లేడు కాబట్టి ఒక్కొక్కటీ పడి దెబ్బలు తగిలించుకునే నేర్చుకున్నాను. గేరు మార్చాల్సింది ఎత్తు మొదలవ్వకముందే. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ తెగుతుంది. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాం. సీటు మీద నుంచి లేచి, మోచేతులు వదులుగా పెట్టుకుని, బండి గెంతులు బండిని వేసుకోనివ్వాలి. పొద్దస్తమానం ఇదే పని. ఇంతకన్నా పనికొచ్చే పని నాకెవరూ ఇవ్వలేదు మరి.

ఒకరోజు మోచేతికి పసుపు పెట్టుకుంటుంటే నాయన మంచం మీద నుంచి అడిగాడు. "ఏడికి పోతున్నవ్ రా రోజూ?"

"గుట్ట కాడికి."

"నన్ను గూడ తీస్కపో. ఈ మంచం మీద పిచ్చి లేస్తున్నది."

అమ్మ వంటింట్లోంచి ఊడిపడింది. "నలుగురు జూస్తే ఏమన్న ఉన్నదా? సిక్కుల ఉన్న మనిషి సైకిల్ మీద తిరుగుతుండని ఆఫీసుల పోయి చెప్పరా?"

అందుకే అడవి బాట. మొదటి షిఫ్టు వాళ్లు బాయి దిగాక, క్వార్టర్ల వెనక నుంచి నేను సైకిల్ నెట్టుకుంటూ, ఆయన కట్టె పట్టుకుని వెళ్లేవాళ్లం. అక్కడ ఇప్పపువ్వు ఏరుకునే కోయ ఆడవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. మమ్మల్ని చూసి వాళ్ల భాషలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వేవాళ్లు.

మొదటి రోజు అన్నింటికన్నా తేలికైన గేరు పెట్టి ఎక్కించాను. "కాళ్లు తిరుగుతున్నయ్ గని బండి కదుల్తలేదేందిరా?" అన్నాడు. కదులుతూనే ఉంది, నత్తలాగా. ఆగిపోకుండా పోవడమే అందులో గొప్ప అని ఆయనకు నాకన్నా ముందే అర్థమైంది. పది బారలు, తర్వాత మద్ది చెట్టు దాకా, ఆ తర్వాత సగం గుట్ట. కట్టె ఇంట్లోనే వదిలేసి రావడం మొదలుపెట్టాడు. ఇప్పపువ్వు రాలడం అయిపోయేసరికి కాలు కింద పెట్టకుండా పైదాకా ఎక్కాడు. వెనక పరిగెత్తిన నేను రొప్పుతున్నాను, ఆయన రొప్పడం లేదు. నా బతుకులో ఒక మనిషికి మేలు చేశానని గర్వపడింది ఆ ఒక్కరోజే.

ఏం జరుగుతోందో ముగ్గురికీ తెలుసు. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే అమ్మ చేయి ఆగేది. అయినా ఎవరం నోరు విప్పలేదు. బోర్డులో నాలుగుసార్లు దగ్గితే సరిపోతుందని నమ్మాం.

పిలుపు వచ్చింది. బయల్దేరేటప్పుడు అమ్మ "ఆడ జర మెల్లగ నడువు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పెద్ద దవాఖానాలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆయన్ని మెట్లెక్కి పైఅంతస్తు దాకా పోయి రమ్మన్నాడు. కింద నాలాంటి కొడుకులు పదిమంది గోడకు ఆనుకుని ఉన్నారు. నాయనకన్నా ముందు వెళ్లిన మనిషి నాలుగో మెట్టు మీద కూలబడ్డాడు. నాయన కూడా అనుకున్నట్టే రెయిలింగు పట్టుకుని, నడుం మీద చేయి వేసుకుని మొదలుపెట్టాడు. ఐదారు మెట్ల తర్వాత కాళ్లకు ఒక ఊపు వచ్చింది. రెయిలింగు వదిలేశాడు. చకచకా పైకి ఎక్కేసి, అక్కడి నుంచి తిరిగి నవ్వుముఖంతో నాకోసం వెతికాడు. నేను ఛాతీ పట్టుకుని దగ్గమని సైగ చేశాను. నవ్వు ఆరిపోయింది. అప్పుడు దగ్గడం మొదలుపెట్టాడు. డాక్టరు రాయడం అప్పటికే అయిపోయింది.

తిరుగు బస్సులో ఆగలేకపోయాను. "నాలుగు మెట్లెక్కి కూసుంటే నీ సొమ్మేం పోతుండె?"

"యాది మర్సిన బిడ్డా. మంచిగనిపిచ్చింది."

వారానికి కాగితం వచ్చింది. ఫిట్. పాత పనిలోకే, అదే బాయిలోకి రమ్మన్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆ తర్వాత అంతటి ఉద్యోగం ఇంకేదీ రాలేదు. ఇన్నేళ్లూ కాంట్రాక్టర్ల కింద గేటు కాపలా కాస్తూ బతికాను.

కాగితం వచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ మూల కూర్చుని ఏడ్చింది. నేను మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. నాయన వచ్చి నా పక్కన కూర్చుని నా భుజం మీద చేయి వేశాడు. "మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాడు. ఆరోగ్యం బాగుపడినందుకు మా నాయన నన్ను క్షమించమని అడిగాడు. నేను ఆ చేయి తీసేశాను.