ఎర్రది ఎర్రగా పెట్టి లేవాలి

పాలు పోయించుకున్నప్పుడల్లా చెంబులో వేలు ముంచి చూస్తే గానీ నేను లోపలికి తీసుకెళ్లేదాన్ని కాదు. నీకు నీ నీడ మీద కూడా నమ్మకం లేదని మా ఆయన ఆటపట్టించేవారు. కావచ్చు. ఎనభైలలో నేను జహీరాబాద్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. పరీక్ష హాళ్లలో అన్నేళ్లు తిరిగిన మనిషికి అనుమానం కాక ఇంకేం అబ్బుతుంది?

ఆ రోజుల్లో హైదరాబాదు సంస్థ ఒకటి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు ఇంట్లోనే ఉండి పదో తరగతి పరీక్షకు కట్టుకునేలా పోస్టులో పాఠాలు పంపేది. మా చుట్టుపక్కల ఊళ్లకు సైన్సు పాఠాలు రాసి, వచ్చిన జవాబులు దిద్దే పని నాకు అప్పగించారు. ఇప్పటి ఆన్‌లైన్ కోర్సుల వాళ్లు మాడ్యూలు అంటున్నదాన్ని మేం యూనిట్ అనేవాళ్లం. పేరు ఏదైనా తిప్పలు ఒకటే. అవతల కూర్చుని చదువుతున్నది ఎవరో మనకు కనిపించదు.

మొదటి యూనిట్‌కు జవాబులు వచ్చాయి. అన్నీ ఒప్పులే, అదీ బస్టాండు దగ్గర అమ్మే గైడులోని వాక్యాలు కామాలతో సహా. మొగుళ్లో మరుదులో రాసి పంపుతున్నారని నాకు గట్టిగా అనిపించింది. ఒళ్లు మండింది. రెండో యూనిట్ ఆమ్లాలు, క్షారాలు. చేత్తో చేసి చూస్తే తప్ప రాయలేని ప్రశ్న ఒకటి అందులో పెట్టాలని పట్టుబట్టి కూర్చున్నాను.

లిట్మస్ కాగితం ఎవరింట్లో ఉంటుంది? పసుపు, సున్నం, నిమ్మకాయ అయితే లేని ఇల్లుండదు. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. ఆ ఎర్ర నీళ్లలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తాయి. ఇదే ప్రయోగంగా రాసి, చివర "ఒక్కొక్క చుక్కా పడేటప్పుడు మీ కంటికి ఏం కనిపించిందో రాయండి" అని అడిగాను. ఏ గైడులోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాఠాలు పోస్టులో వెళ్లిన కొన్నాళ్లకు ఒకతను బడి వరండాలో నా కోసం నిలబడి ఉన్నాడు. అతనిది ఝరాసంగం అవతలి పల్లె. అతని భార్య నా విద్యార్థుల్లో ఒకామె. చేతిలో నా యూనిట్ కాగితాలు చుట్టగా చుట్టి పట్టుకున్నాడు.

"గివి వాపస్ తీస్కోన్రి మేడం. మా ఇంటామెకు సదువొద్దు. మా అమ్మ ఆమెను తల్లిగారింటికి తోలిరమ్మంటుంది."

"ఎందుకు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బాణామతి జేస్తుందంట."

నేను నమ్మలేదు. జవాబులు రాసేది ఇతనే, ఈ ప్రశ్న కొరుకుడు పడక కథ అల్లుతున్నాడు అనుకున్నాను. చూద్దాం పదమని ఆదివారం ఝరాసంగం బస్సెక్కాను. అక్కణ్నుంచి జొన్నచేల గట్ల మీదుగా అతని వెంట నడిచాను. దొంగను పట్టబోతున్నాననే హుషారు, ఆ ఇంటి ముందుకు వెళ్లగానే దిగిపోయింది. అతని భార్య ట్రంకుపెట్టె సర్దుకుని దాని పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. గోడల మీంచి ఇరుగుపొరుగు తొంగి చూస్తున్నారు. మా వైపు బాణామతి, అంటే చేతబడి చేస్తుందన్న మాట ఒక ఆడమనిషికి ఒకసారి అంటుకుంటే ఇక వదలదు. పుట్టింటికి పంపడం అందులో చిన్న శిక్ష, ఊరంతా ఏకమై కొట్టిన సంగతులు నేను విన్నాను. నాకు నిజంగా భయం వేసింది.

గడప మీద కూర్చున్న అత్త నాతో సూటిగానే మాట్లాడింది.

"మా పెద్దోని కొడుకుకు జరమొచ్చి నాలుగొద్దులైంది పంతులమ్మా. దిష్టి తీద్దామని ఎర్ర నీళ్లు నేను కలిపి వెట్టిన. గీమె ఎనకకు తీస్కపోయి నిమ్మకాయ విండి ఎరుపంత గుంజేసింది. గా రాత్రే పిలగాని ఒళ్లు పెనమైంది. ఈమె కడుపు ఇంక పండలె. నేనేమనుకోవాలె?"

"పసుపు దండుగైతదని ఉన్న నీళ్లే తీస్కున్న మేడం," అంది కోడలు తలెత్తకుండా.

"ఏం కనిపించింది?" అని అడిగాను. ఆ సమయంలో కూడా అదే అడిగాను.

"చుక్క వడ్డకాడ పచ్చగ మచ్చ అయితది. కలుపంగనే ఎరుపు దాన్ని మింగుతది. మల్లొక చుక్క, మల్ల మింగుతది. జర సేపటికి ఇంక మింగలేక నీళ్లన్ని ఒక్కసారే పచ్చగయినయ్."

ఈ మాటలు ఏ మొగుడూ రాసివ్వలేడు. నాకు చాలా సంతోషమైంది, ఆ సంతోషానికి అది వేళ కాకపోయినా.

ఆమ్లం, క్షారం అంటూ అత్తకు చెప్పబోయాను. ఆమె నన్ను కూడా కోడలి జట్టులో కలిపేసినట్టు చూసింది. దాంతో నోరు మూసుకుని, ఆమె పాన్ డబ్బీలోంచి చిటికెడు సున్నం అడిగాను. ఎర్ర నీళ్లు కలిపించి, నిమ్మరసంతో పసుపు రంగుకు తెచ్చి, ఆమె సున్నమే వేసి కలిపాను. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

ఆమె గిన్నె మీదికి వంగి చాలాసేపు చూసింది. "మల్లొచ్చిందా?"

"ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు వస్తుంది అవ్వా."

"నువ్వు జేస్తే వచ్చింది. అది జెయ్యాలె."

కోడలు లేచి వచ్చి చేసింది. ఎరుపు వచ్చింది. అత్తకు నమ్మకం చాలక ఇంకోసారి చేయించింది. అప్పుడు గానీ గడప మీంచి లేవలేదు.

"సదువుకుంటే సదువుకోని. గని ఎర్రది ఎర్రగ వెట్టి లెవ్వాలె."

నేనూ ఒక షరతు పెట్టాను. పిల్లాణ్ని నాతో పాటే జహీరాబాద్ దవాఖానకు తీసుకురావాలని. ఒప్పుకున్నారు. ఆ పూట బస్సులో తండ్రి ఒళ్లో వాడు మూలుగుతూనే వచ్చాడు. మందులు పడ్డాక వారం తిరగకుండా తేరుకున్నాడు.

యూనిట్ తిరగరాశాను. చివర రెండు మాటలు చేర్చాను. పని అయ్యాక కొంచెం సున్నం కలిపి నీళ్లను తిరిగి ఎర్రగా చేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. మొదటిదానికి శాస్త్రీయ కారణం ఏమిటని హైదరాబాదు నుంచి అడిగారు. ద్విగత చర్య, అంటే వెనక్కి కూడా తిరగగల మార్పు అని రాసి పంపాను. అబద్ధమేం కాదు.

జవాబులు వచ్చాయి. దాదాపు అన్నింటి కిందా వంకరటింకర సంతకాలు, సగం నాకు దొంగవిగానే తోచాయి. ఝరాసంగం అవతలి ఆ కోడలు పంపినదాంట్లో మాత్రం సంతకం లేదు. జవాబు కింద ఒక వేలిముద్ర, అదీ సిరాతో కాదు, వెలిసిన ఇటుక రంగులో. అత్తే వేసిందా? లేక ఎర్ర సిరాలో నీళ్లు కలిపి మొగుడు వేశాడా? వంటింట్లోకి వెళ్లి నిమ్మచెక్క తెచ్చి ఆ ముద్ర మీద ఒక చుక్క పిండాను. గీత గీతా పసుపు రంగుకు తిరిగింది.

ఆ కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. తర్వాత చెప్పులు వేసుకుని, పాన్ తినే పక్కింటావిడ దగ్గరికి వెళ్లి చిటికెడు సున్నం అడిగి తెచ్చాను. వేలిముద్ర మళ్లీ ఎర్రగా అయ్యాకే మార్కులు వేశాను.