కూమ్ దక్కించుకున్న గంట

సరిహద్దు రాళ్లు పలుమార్లు చోటు మారినా, రాజ్యాల పేర్లు చెరిగి కొత్తవి వెలసినా, బెల్‌గ్రేడ్‌లోని పెత్‌కోవిచ్ ఇంట మూడు తరాలుగా పుట్టిన ప్రతి శిశువుకూ పేరు పెట్టే భాగ్యం ఏ కుటుంబానిదో, ఆ కుటుంబంలో చివరివాడై, అరవై దాటినా సరిహద్దు అవతలి సోఫియా నగరంలో గుడికప్పులకు రాగిరేకులు తాపడం చేస్తూ బతికేవాడు మా రాదోయె.

పిల్లలు లేని అతనికి కూమ్ పదవే వంశం. కూమ్ అంటే జ్ఞానపిత, దేవుని ఎదుట బిడ్డకు పూచీగా నిలిచే పెద్ద. బాప్తిస్మవేళ అతని నోట వెలువడేదాకా శిశువు పేరు కన్నతల్లికైనా తెలియదు. అతడు రాకుంటే మరొకరు నిలవాలి. ఆ బంధం నిలిచినవారి ఇంటికే పోతుంది.

పెత్‌కోవిచ్‌ల మనుమరాలి బాప్తిస్మంనాడు సరిహద్దున లారీలు అడ్డుపడి సోఫియాకు రావలసిన బస్సు రాలేదు. అది పగలంతా పట్టే దారి. జన్మలో ఎక్కని విమానానికి టికెట్ కొని, రాదోయె పాప నాయనమ్మకు ఫోన్ చేశాడు.

“వీదోసావా, రెండింటికి ఎగురుతుందట. గంట ప్రయాణం.”

“అంటే మూడు! మూడింటికల్లా పాదిరిగారు అంత్యక్రియలకు పోవాలయ్యా. మా మరిది మిలుటిన్ కొత్త కోటు తొడుక్కుని నీ చోట నిలవడానికి కాచుకున్నాడు.”

“వాడా? వాడికి మేకకు పేరు పెట్టడమే చేతకాదు!”

“ముందు నువ్వు రా కూమా, తర్వాత తిట్టుకుందువుగాని. పిల్ల నీలాగే బట్టతలతో పుట్టింది, నీకోసమే చూస్తోంది.”

దారంతా కిటికీ అవతల ఒక్క మబ్బుతునకైనా లేదు. చక్రాలు నేలను తాకేసరికి తండ్రినాటి చేతిగడియారం మూడు చూపింది. ఓడిపోయాననుకున్నాడు.

“జెమున్ గుడికి పోనీ నాయనా. తొందరలేదు, మూడు దాటిపోయింది,” అన్నాడు టాక్సీవాడితో.

వాడు పకపకా నవ్వాడు. “దాటింది రెండే తాతా! నీ చేతికున్నది సోఫియా కాలం. ఇక్కడ గంట వెనక. ఎక్కినప్పుడెంతో దిగినప్పుడూ అంతే!”

బస్సుల్లో తిరిగిన ఇన్నేళ్లూ ఆ గంట సరిహద్దు బారుల్లోనే కరిగిపోయేది. ఎన్నడూ అతని చేతికి చిక్కలేదు.

“అయితే తొందరుంది, తోలరా!”

నేను స్తోత్రాలు పాడే ఆ గుడిలో, తలుపు తోసుకొచ్చిన రాదోయెకు మిలుటిన్ పక్కకు జరిగి చోటిచ్చాడు. పాదిరిగారు పేరడిగారు.

“వేద్రాన,” అన్నాడు రాదోయె. మా భాషలో అది నిర్మలాకాశం.

“మీ అమ్మ పేరు పెడతావనుకున్నానే!” అంది వీదోసావా, కళ్లు తుడుచుకుంటూ.

“అది బస్సుకోసం దాచిన పేరు. ఇది పైన దొరికింది.”

పూర్వం ఒక భక్తునికోసం సూర్యుడు ఆగెనని లేఖనాల్లో చదువుతాం. మా కూమ్ కోసం గడియారం వెనకడుగు వేసింది. అతని చేయి పట్టుకునే వేద్రాన తొలి అడుగులు వేయుగాక. అతని ఇంటా, అతన్ని కూమా అని పిలిచే ఇంటా రొట్టె తరగకుండుగాక, దీపం ఆరకుండుగాక. అతడు నడిచే ప్రతి దారిలోనూ ప్రభువు ఒక గంట మిగిల్చి ఉంచుగాక.