మేనత్త ఎదలోని నీటితిత్తి

మా మేనత్త పోయిందని బెల్లంపల్లి నుంచి మా బాపు రాసిన కార్డు మొన్న నాకు నిర్మల్‌లో అందింది. మూడు రోజులు జరమొచ్చిందట. కార్డు చేతికొచ్చేసరికే అన్నీ అయిపోయినయి.

ఆమె ఎవరితోని కలిసి తినేది కాదు. "మీరు తినుండ్రి, నాది జర ఆలస్యం" అని పళ్లెం పట్టుకొని ఇంటి వెనుకకు పోయేది. గోడ దిక్కు మొఖం పెట్టి కూర్చునేది. బుక్కబుక్కకు నీళ్లు తాగేది, ఎద మీద పిడికిలితో మెల్లగ తట్టుకునేది. అన్నం దిగక కక్కుకునుడు చూసి అత్తగారింట్ల క్షయ అన్నరు. వేరే పళ్లెం, వేరే చెంబు పెట్టిండ్రు. చివరికి మా ఇంటికి పంపి, ఆమె మొగనికి ఇంకో పెండ్లి చేసిండ్రు. నాకు జడలేసి, సద్దిగట్టి బడికి పంపింది ఆమెనే. నేనివ్వాళ టీచర్‌నంటే ఆమె పుణ్యమే.

నేను పదో తరగతిల ఉన్నప్పుడు బాపు ఆమెను కరీంనగర్ దవాఖానకు తీసుకపోయిండు. తోడు నేను పోయిన. సున్నంనీళ్ల లాంటి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీసిండ్రు. డాక్టరు సారు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూపించిండు. మందు తెల్లటి ధారగ తిన్నగ దిగి, నడుమ ఒక గుండ్రటి నీడ దగ్గర పక్కకు వంగి, దాన్ని ఒరుసుకుంట కిందికి పోయింది.

"అంచు ఎంత నున్నగున్నదో చూడమ్మా. ఇది క్షయ లెక్క లేదు. తల్లి కడుపుల అన్ననాళం తయారైనప్పుడే పక్కన చిన్న నీటితిత్తి మిగిలిపోయినట్టుంది. అది పెరిగి నాళాన్ని నొక్కుతున్నది."

అత్తమ్మ చానసేపు ఫిల్మునే చూసింది. "అయితె సారూ, ఇది ఎవ్వరికీ అంటుకోదా?"

"అంటుకోదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

ఆపరేషన్ హైదరాబాదుల అయింది. బాపుకు బొగ్గుబాయిల నాలుగు రోజులే సెలవు దొరికింది. అత్తమ్మ నెలరోజులు ఒక్కతే ఉండి, ఎద పక్కన పొడుగాటి కుట్లతోని ఇంటికొచ్చింది. అప్పటి నుంచి అన్నం సాఫీగ దిగింది. అయినా పళ్లెం పట్టుకొని ఇంటి వెనుకకే పోయేది.

"ఇప్పుడెందుకత్తమ్మా?" అని అడిగిన.

"గొంతు బాగైంది బిడ్డా. నలుగురిల తినుడే మరిచిపోయిన."

పోయిన ఎండకాలం సెలవులల్ల నా పళ్లెం తీసుకపోయి ఆమె పక్కన కూర్చున్న. ఆమె జర జరిగి చోటిచ్చింది. ఇద్దరం కలిసి తిన్నం. తిన్నంక నా చేతుల మీద నీళ్లు పోసింది. చేతులు ఎప్పుడో శుభ్రమైనయి. ఆమె చెంబు వంచి ఇంకా పోస్తనే ఉన్నది. నేను చేతులు తీయలే.