నందివర్ధనాలు కొట్టేసిన రోజు

మొన్న ఎల్బీనగర్‌లో ఒక నర్సరీకి వెళ్లి, మా వరండాలో ఎండ పడదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉండి పూలు పూసే మొక్క ఏదైనా ఉందా అని అడిగితే, నర్సరీ పెద్దాయన నందివర్ధనం కుండీ తెచ్చి ముందు పెట్టాడు. "నీడల గూడ మంచిగ పూస్తదమ్మా, జర కొట్టేస్తుండాలె, అప్పుడే గుబురుగ ఒస్తది" అన్నాడు. ఆ ఒక్క మాటతో, అరవై దాటిన నేను మళ్లీ తొమ్మిదేళ్లప్పటి అయోమయంలో పడ్డాను.

నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మామిడితోట చివర రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇంటావిడ నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవురాలు, నేను పెద్దమ్మా అనేదాన్ని. చెట్ల నీడలో ఏదీ బతకదని అందరూ అంటున్నా అమ్మ పట్టుబట్టి గుమ్మం ముందు నందివర్ధనాలు వరసగా నాటింది. అవి మనిషెత్తు పెరిగాక, దేవుడి పటాలకు అమ్మ, ఆదివారం చర్చికి పెద్దమ్మ, ఒకే కొమ్మన పూలు కోసుకుంటూ నీకెక్కువ వచ్చాయంటే నీకెక్కువని ఆటపట్టించుకునేవాళ్లు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్లు మూతపడ్డాయి. కోస్తా నుంచి వచ్చినవాళ్లం కనక, బాట మీద ఊరేగింపు వెళ్లినప్పుడల్లా అమ్మ తలుపు గడియ పెట్టేది. ఆ పొదలే మమ్మల్ని దాస్తున్నాయని నమ్మి, వాటికి రెండింతలు నీళ్లు పోసేది. అలాంటిది ఒక పొద్దున చూస్తే, పెద్దమ్మ కొడవలితో వాటన్నిటినీ మోకాలెత్తుకు నరికేస్తోంది, తెగిన కొమ్మల నుంచి తెల్లటి పాలు కారుతున్నాయి. "మల్ల ఒస్తయి తియ్యి చెల్లె, పరేషాన్ గాకు" అని, అక్కడే మంచం వాల్చుకుని సాయంత్రం దాకా కూర్చుంది.

మనల్ని వెళ్లిపొమ్మని చెప్పకనే చెబుతోందని అమ్మ లోపల కూర్చుని ఏడ్చింది. నాకు ఏదీ అర్థం కాలేదు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం కిటికీలోంచి నేనొక మాట విన్నాను. జెండాలు పట్టుకున్న కొందరు ఆగి లోపల ఎవరుంటారని అడిగితే, పెద్దమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూనే "అందరు మావోళ్లే బిడ్డా, పోండ్రి" అంది, వాళ్లు సరే పెద్దమ్మా అని వెళ్లిపోయారు. మేం ఆమెవాళ్లం కాదు కదా, చర్చికెళ్లే మనిషి అబద్ధమాడిందేమిటని బెదిరిపోయి, చెబితే అమ్మకు ఇంకా కోపం వస్తుందని నోరు విప్పలేదు.

మూడోనాడు మా ఊరికి వెళ్లిపోవడానికి అమ్మా నేనూ రిక్షా ఎక్కాం. పెద్దమ్మ మంచం మీంచి లేచి ఏదో అనబోయింది, అమ్మ తల తిప్పుకుంది. తర్వాత నాన్న కూడా బదిలీ చేయించుకుని వచ్చేశారు.

ఇప్పుడక్కడ మెట్రో స్తంభాలు, బట్టల దుకాణాలు, మామిడితోట ఏ పక్కనుండేదో కూడా తేల్చుకోలేను. బాటన పోయేవాళ్లకు గుమ్మం ముందు కాపలా కూర్చున్న తను కనిపించాలని కొట్టేసిందా, నర్సరీ పెద్దాయన అన్నట్టు గుబురుగా రావాలనే కొట్టేసిందా, అడగడానికి ఆవిడ లేదు. కడదాకా ఆమె మీద కోపం పోని అమ్మా లేదు. మమ్మల్ని వెళ్లగొట్టడానికి మాత్రం కాదు. కిటికీలోంచి విన్న ఆ మాట అమ్మకు చెప్పగలిగింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే, నేను చెప్పలేదు.